బ్రెస్ట్ ఇంప్లాంట్ కిందకి జారినా పక్కకి జరిగినా ఎలా సరిచేయించుకోవాలి

సర్జరీ అయ్యి కొన్ని నెలలయ్యాక ఒక పక్క కిందకి దిగినట్టో, పడుకుంటే ఇంప్లాంట్ చంక వైపు పోతున్నట్టో అనిపిస్తే చాలామంది చేసే మొదటి పని ఇంకో డాక్టర్ దగ్గరికెళ్లి "దీన్ని మళ్లీ పైకి కుట్టేయండి" అనడం. కొంచెం ఆగండి. అది ఎందుకు జరిగిందో తేల్చకుండా ఉత్తగా కుట్టించుకుంటే లోపల ఉండేది అదే బరువు, అదే పల్చటి చర్మం, అదే వదులు పాకెట్ (ఇంప్లాంట్ కూర్చోడానికి లోపల చేసిన ఖాళీ), ఇంక మళ్లీ జారకుండా ఏం ఆపుతుంది చెప్పండి. రెండోసారి ఆపరేషన్ చేయించుకుని మూడోసారికి వెళ్లేవాళ్లలో ఎక్కువ కథ ఇదే. అందుకే ఇక్కడ కుట్ల గురించి కన్నా కారణం పట్టుకోవడం గురించే ఎక్కువ చెప్తాను.

ముందు ఏది మామూలో తెలుసుకోండి. కొత్తగా పెట్టిన ఇంప్లాంట్ మొదటి వారాల్లో పైన బిగుసుకుపోయి ఉంటుంది, కండరం కింద పెట్టిన కేసుల్లో మరీను, తర్వాత 3 నుంచి 6 నెలల్లో మెల్లగా దిగి సర్దుకుంటుంది. రెండు పక్కలా ఒకే స్పీడ్‌లో దిగాలని రూలేం లేదు, ఒకటి ముందు దిగి ఇంకోటి లేటైతే కంగారు పడక్కర్లేదు. వెల్లకిలా పడుకున్నప్పుడు కొంచెం బయటి వైపు ఒరగడం కూడా సహజమే, అసలు ఇంప్లాంట్ లేని రొమ్ము కూడా అలాగే ఒరుగుతుంది కదా. మన ఒంట్లోకి ఏ పరాయి వస్తువు వచ్చినా శరీరం దాని చుట్టూ ఒక పొర కట్టుకుంటుంది, దాన్ని క్యాప్సూల్ అంటారు, ఆ పొర పూర్తిగా కుదురుకునేదాకా అంటే దాదాపు 6 నెలల దాకా డాక్టర్లు సాధారణంగా రివిజన్ జోలికి, అంటే సరిచేసే రెండో ఆపరేషన్ జోలికి వెళ్లరు, లేత పొరలో కుట్టు సరిగ్గా నిలవదు కాబట్టి.

కానీ వెయిట్ చేయకూడనివి కొన్ని ఉన్నాయి. సర్జరీ అయిన కొద్ది రోజుల్లోనే ఒక పక్క సడెన్‌గా ఉబ్బి గట్టిపడి నొప్పి పెడితే లోపల రక్తం చేరుతున్నట్టు, అర్ధరాత్రైనా సరే హాస్పిటల్‌కి వెళ్లాలి. జ్వరం, ఎర్రదనం, వేడి, కుట్టు విచ్చుకోవడం, చీము, చర్మం పల్చబడి ఇంప్లాంట్ కనపడేలా అవ్వడం, ఇవీ అంతే. ఏడాదో ఇంకా ఎన్నో ఏళ్లో గడిచాక ఒక పక్క ఉన్నట్టుండి నీరు చేరి పెద్దదైతే అది "ఇంప్లాంట్ జరిగింది" అని మీరే డిసైడ్ చేసేస్కోకండి, దాని సంగతి కింద వేరేగా చెప్తా.

ఇప్పుడు ఎటు జరిగిందో చూద్దాం, ఎందుకంటే ఎటు జరిగిందన్నదాన్ని బట్టే ట్రీట్‌మెంట్ మారిపోతుంది.

ఎక్కువగా కనిపించేది కిందకి జారడం, డాక్టర్లు బాటమింగ్ ఔట్ అంటారు. రొమ్ము కింద మడత దగ్గర చర్మాన్ని పక్కటెముకల మీది కణజాలంతో పట్టి ఉంచే అతుకు ఒకటుంటుంది, అది వదులైపోతే ఇంప్లాంట్ మడత దాటి పొట్ట వైపు దిగుతుంది. గుర్తుపట్టడం తేలికే: పై భాగం ఖాళీ అయిపోయి కింద నిండుగా ఉంటుంది, చనుమొన పైకి చూస్తున్నట్టు ఉంటుంది, బ్రా వేసుకుంటే నిపుల్ పైనుంచి బయటికి వచ్చేస్తుంటుంది. మడతలో కోత పెట్టి చేసిన సర్జరీ అయితే ఇంకో పక్కా గుర్తు ఉంది, మడతలో దాగి ఉండాల్సిన ఆ మచ్చ ఇప్పుడు రొమ్ము మీదకి ఎక్కినట్టు కనిపిస్తుంది. మచ్చ ఎక్కడికీ కదల్లేదు, మడతే కిందకి పోయింది.

ఇంట్లో కొలిచే పద్ధతి ఉంది. టైలర్ టేప్ తీసుకుని అద్దం ముందు నిలబడి చనుమొన నుంచి కింద మడత దాకా, చర్మం కొంచెం సాగదీసి పట్టుకుని కొలవండి. సుమారుగా 300 సీసీ ఇంప్లాంట్‌కి 8 సెంటీమీటర్ల దగ్గర్లో, 400 సీసీకి 9.5 దగ్గర్లో ఉండేలా సర్జన్లు ప్లాన్ చేస్తారు. ఒక్కసారి కొలిచి అంకె చూసి బెంబేలెత్తిపోవద్దు, రెండు పక్కలకీ ఎంత తేడా ఉంది, నెల నెలకీ పెరుగుతూ పోతుందా అన్నదే అసలు విషయం. ఫోటోలు కూడా తీయండి, ఎదురుగా, రెండు పక్కల నుంచి, ఏటవాలుగా, చేతులు పైకెత్తి, పడుకుని, ప్రతిసారీ అదే గోడ ముందు అదే వెలుతురులో. తలకాయ రాకుండా తీసి ఫోన్‌లో లాక్ పెట్టుకున్న ఫోల్డర్‌లో పడేయండి, గ్యాలరీ ఆటోమేటిక్‌గా క్లౌడ్‌లోకి ఎక్కి ఇంట్లో టీవీలో స్లైడ్‌షోలా వచ్చిన ఘనతలు కూడా ఉంటాయి మరి.

పక్కకి పోవడం రెండోది. నిలబడ్డప్పుడు మధ్యలో గ్యాప్ ఎక్కువై, పడుకుంటే ఇంప్లాంట్ చంకలోకి జారి చెయ్యి దింపితే తగులుతుంటుంది. మూడోది దీనికి రివర్స్, రెండు ఇంప్లాంట్లూ మధ్యలోకి వచ్చి ఛాతీ ఎముక మీద చర్మం పైకి లేచి రెండు రొమ్ములూ కలిసిపోయినట్టు ఉండటం, దీన్ని సిమ్మాస్టియా అంటారు, సరిచేయడం అన్నిట్లోకీ కష్టమైనది ఇదే. ఒక పక్క నొక్కితే రెండో పక్క కదులుతుంటే, మధ్యలో వేలు పెడితే ఎముకకి తగలకుండా మెత్తగా లేస్తుంటే ఇదే అని అనుమానించాలి. నాలుగోది పైకి ఎక్కి కూర్చోవడం, ఇందులో ముట్టుకుంటే గట్టిగా ఉండి నొప్పి కూడా ఉంటే అది క్యాప్సూల్ బిగుసుకుపోవడం వల్ల కావచ్చు, దానికి బేకర్ గ్రేడ్ అని 1 నుంచి 4 దాకా లెక్క ఉంది, 3 అంటే ఆకారం మారింది అని, 4 అంటే దానికి తోడు నొప్పి కూడా ఉంది అని. ఇంక టియర్‌డ్రాప్ షేప్ ఇంప్లాంట్ అయితే లోపల గుండ్రంగా తిరిగిపోయి రొమ్ము ఆకారం వంకర అవుతుంది, రౌండ్ ది తిరిగినా బయటికి తెలియదు గానీ ముందుది వెనక్కి బోర్లా పడితే చదునుగా కనిపిస్తుంది.

సరే, ఎందుకు జరుగుతుంది? లోపల పాకెట్ అవసరానికి మించి తవ్వడం ఒక కారణం, మడత అతుకుని కోసేయడం, మధ్యలో కండరాన్ని ఎముక నుంచి ఎక్కువ విడదీయడం లాంటివి. ఇది సర్జన్ చేతిలో ఉన్న విషయం. రెండోది సైజు, దీంట్లో మన పాత్ర కూడా ఉంటుంది, రొమ్ము వెడల్పు 12 సెంటీమీటర్లు ఉన్న మనిషికి 13.5 వెడల్పు ఇంప్లాంట్ పెడితే అది ఎటో ఒకటు వెళ్లాల్సిందే కదా. బరువు సంగతీ అంతే, 400 సీసీ జెల్ ఇంప్లాంట్ అంటే దాదాపు 400 గ్రాములు, ఒక్కో పక్క, రోజంతా, ఏళ్ల తరబడి. మూడోది ఒంటి తీరు: పల్చటి చర్మం, స్ట్రెచ్ మార్క్స్, ప్రెగ్నెన్సీ, పాలివ్వడం, బాగా బరువు తగ్గడం. ఛాతీ ఎముక ముందుకి పొడుచుకొచ్చి ఉంటే ఇంప్లాంట్లు బయటికి జారతాయి, లోపలికి గుంట పడి ఉంటే మధ్యలోకి జారతాయి. నాలుగోది కండరం, ఇంప్లాంట్ దాని కింద ఉంటే పుష్ అప్స్, బెంచ్ ప్రెస్ చేసినప్పుడల్లా అది ఇంప్లాంట్‌ని కిందకీ బయటికీ తోస్తుంది.

ఆపరేషన్ లేకుండా అవుతుందా అని అందరూ అడుగుతారు. మొదటి వారాల్లో కొంతవరకు అవుతుంది. ఇంప్లాంట్ పైనే ఉండిపోతే పైనుంచి కట్టే బ్యాండ్ ఇస్తారు, కిందకి దిగుతున్నట్టు ఉంటే మడత దగ్గర పట్టి ఉంచేలా వైర్ ఉన్న బ్రా లేదా టేప్ వేయిస్తారు, మధ్యలోకి వస్తుంటే మధ్యలో నొక్కి పట్టే ప్రత్యేకమైన బ్రా ఉంటుంది. టియర్‌డ్రాప్ తిరిగితే డాక్టర్ చేత్తోనే మళ్లీ తిప్పి సరిచేయొచ్చు, కాకపోతే పాకెట్ వదులుగా ఉంటే మళ్లీ తిరుగుతుంది. కానీ పొర గట్టిపడి ఏడాది దాటిన తర్వాత ఏ బ్రా కూడా, ఏ నూనె మసాజ్ కూడా ఇంప్లాంట్‌ని వెనక్కి తీసుకురాదు, ఎవరైనా క్రీమ్ అమ్మితే డబ్బులు దండగ. మసాజ్ విషయంలో ఇంకో మాట, మీ సర్జన్ చెప్పకుండా వీడియోలు చూసి నొక్కుడు మొదలెట్టొద్దు, కిందకి జారుతున్న ఇంప్లాంట్‌ని ఇంకా కిందకి తోసినట్టే అవుతుంది.

అలాగే నొప్పి లేకుండా, ఆకారం మీకు పెద్దగా ఇబ్బంది అనిపించకుండా ఉంటే వదిలేయడం కూడా ఒక నిర్ణయమే, కొద్దిగా జారినంత మాత్రాన ప్రాణానికి ప్రమాదం ఏం లేదు.

రివిజన్ అనుకుంటే మొదట కాగితాలు పోగేయండి. మొదటి సర్జరీ ఆపరేషన్ నోట్స్, డిశ్చార్జ్ సమ్మరీ, ఇంప్లాంట్ కార్డ్. కార్డ్ మీద కంపెనీ, మోడల్, సైజు, సీరియల్ నంబర్, లాట్ నంబర్ ఉంటాయి. కార్డ్ పోతే హాస్పిటల్ రికార్డుల్లో ఇంప్లాంట్ స్టిక్కర్ అంటించి ఉంటుంది, కాపీ అడగండి, అది మీ హక్కు. కండరం పైన పెట్టారా కింద పెట్టారా, పైపొర నున్నగా ఉన్న ఇంప్లాంటా గరుకుదా అన్నవి తెలియకుండా రెండో డాక్టర్ ప్లాన్ వేయడం చీకట్లో తడుముకోవడమే. సిలికాన్ అయితే పగిలిందేమో చూడ్డానికి అల్ట్రాసౌండ్ లేదా ఎమ్మారై రాయొచ్చు.

డాక్టర్‌ని ఎంచుకునేటప్పుడు ఎం.సీహెచ్ లేదా డీఎన్‌బీ ప్లాస్టిక్ సర్జరీ ఉందా చూడండి, "కాస్మెటిక్ స్పెషలిస్ట్" అని బోర్డు మీద ఉంటే సరిపోదు. తెలంగాణలో అయితే తెలంగాణ మెడికల్ కౌన్సిల్, ఆంధ్రాలో అయితే ఏపీ మెడికల్ కౌన్సిల్, వాటి రిజిస్టర్‌లో పేరు, క్వాలిఫికేషన్ చెక్ చేస్కోవచ్చు. మొదట చేసిన సర్జన్ దగ్గరికే ముందు వెళ్లడం మంచిదని నా అభిప్రాయం, లోపల ఏం చేశారో వాళ్లకే తెలుసు, ఫీజు కూడా తగ్గించే ఛాన్స్ ఉంది, కానీ వాళ్లు "అంతా బానే ఉంది" అని కొట్టిపారేస్తుంటే సెకండ్ ఒపీనియన్‌కి మొహమాటపడొద్దు. వెళ్లినప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, మిగతావన్నీ దాన్నుంచే వస్తాయి: "నాకు ఇది ఎందుకు జరిగింది, ఈసారి ఏం మారుస్తున్నారు?" సైజు మార్చరు, పాకెట్ మార్చరు, సపోర్ట్ పెట్టరు, కుట్టు మాత్రం వేస్తాం అంటే ఇంకో చోటికి వెళ్లి కనుక్కోండి. ఇలాంటి రివిజన్‌లు ఎన్ని చేశారు, ఏడాది తర్వాత తీసిన ఫోటోలు ఉన్నాయా అని కూడా అడగండి, వారం తర్వాత తీసిన ఫోటోలో ఎవరిదైనా అందంగానే ఉంటుంది.

ఇంక ఆపరేషన్. పూర్తి మత్తు ఇచ్చి చేస్తారు. మత్తు ఇచ్చే ముందే మిమ్మల్ని కూర్చోబెట్టి కొత్త మడత ఎక్కడ రావాలో పెన్నుతో గీస్తారు, ఈ గీతలే మొత్తం పనికి ఆధారం కాబట్టి అద్దంలో మీరూ చూసి ఒప్పుకోండి. ఎక్కువసార్లు పాత మచ్చలోంచే లోపలికి వెళ్తారు. ఇంప్లాంట్ బయటికి తీసి, ఎక్కువగా సాగిపోయిన భాగంలో క్యాప్సూల్‌ని కుట్టి పాకెట్ చిన్నది చేస్తారు, దీని పేరు క్యాప్సులోరఫీ. ఇక్కడే కిటుకు ఉంది, క్యాప్సూల్ లోపలి వైపు నున్నగా ఉంటుంది, దాన్ని అలాగే కుట్టేస్తే రెండు పాలిథిన్ కవర్లు ఒకదాని మీద ఒకటి పెట్టి కుట్టినట్టే, కుట్టు ఊడితే మొత్తం విడిపోతుంది. అందుకని ఆ భాగాన్ని కాటరీతో కాల్చి గరుకు చేయడమో, ఒక పట్టీలా కోసి తీసేయడమో చేసి పచ్చి అంచులు రెండూ అతుక్కునేలా కుడతారు, రెండు వరసలుగా, కరగని దారంతోనో నెలల తరబడి నిలిచే దారంతోనో. ఒకవైపు మూసినంత మాత్రాన సరిపోదు, ఇంప్లాంట్ ఉండాల్సిన వైపు పొర బిగుతుగా ఉంటే అక్కడ కోసి వదులు చేయాలి, లేకపోతే ఆ బిగుతు ఇంప్లాంట్‌ని మళ్లీ కొత్త కుట్ల మీదకే నెడుతుంది. తర్వాత డమ్మీ సైజర్ పెట్టి, మత్తులో ఉన్న మనిషిని టేబుల్‌తో సహా కూర్చోబెట్టినట్టు లేపి రెండు పక్కలా సమానంగా ఉందా చూస్తారు.

సిమ్మాస్టియా లాంటి వాటికీ, ఒకసారి రిపేర్ చేసి ఫెయిలైన వాటికీ పాత పాకెట్‌నే వదిలేసే పద్ధతి మెరుగు. పాత క్యాప్సూల్ ముందు పొరకీ కండరానికీ మధ్య సరిగ్గా ఇంప్లాంట్‌కి సరిపోయేంత కొత్త పాకెట్ తయారుచేసి, పాతదాన్ని మూసేస్తారు. లేదా కండరం పైన ఉన్నదాన్ని కిందకీ, కింద ఉన్నదాన్ని పైకీ మారుస్తారు. చెయ్యి బిగించినప్పుడల్లా రొమ్ము ఎగిరెగిరి పడుతుందనే వాళ్లకి కూడా కండరం కింద నుంచి పైకి మార్చడం పనికొస్తుంది. ఇంప్లాంట్ బోర్లా పడేవాళ్లకి పాకెట్ టైట్ చేస్తారు. క్యాప్సూల్ బిగుసుకున్న వాళ్లకి ఆ పొరని తీసేసి కొత్త ఇంప్లాంట్ పెడతారు. చర్మం బాగా సాగిపోయి ఉంటే పాకెట్ ఎంత బాగా కుట్టినా పైన వేలాడుతూనే ఉంటుంది, దానికి లిఫ్ట్, అంటే ఎక్కువైన చర్మం తీసేసి రొమ్ముని పైకి లేపే సర్జరీ కూడా కలిపి చేయాలి.

సొంత కణజాలం బలహీనంగా ఉంటే లోపల సపోర్ట్ పెడతారు. ఇందులో ఒకటి ఏడీఎమ్, చర్మంలోంచి కణాలు తీసేసి మిగిల్చిన షీట్, ఇది చనిపోయిన మనుషులు దానం చేసిన చర్మం నుంచి రావొచ్చు, పంది నుంచో ఆవు జాతి నుంచో రావొచ్చు. శాకాహారులకైనా, ముస్లిం కుటుంబాలకైనా ఇది చిన్న విషయం కాదు, కానీ చాలాచోట్ల కన్సెంట్ ఫారమ్‌లో ట్రేడ్ నేమ్ మాత్రమే ఉంటుంది, కాబట్టి "ఇది దేంతో చేశారు" అని ముందే నోరు తెరిచి అడగండి. రెండోది కరిగిపోయే మెష్ (వల లాంటి షీట్), పీ4హెచ్‌బీ అనే పదార్థంతో చేసినది ఒకటి దాదాపు 18 నుంచి 24 నెలల్లో కరిగిపోతుంది, ఈలోపు దాని మీద మన కణజాలం పెరుగుతుంది. రెండూ ఖరీదే, అందరికీ అవసరం లేదు.

సైజు గురించి కటువుగానే చెప్తాను. కిందకి జారిన వాళ్లు ఈసారి ఇంకొంచెం పెద్దది పెట్టమంటే నో చెప్పే డాక్టరే మంచి డాక్టర్. చిన్నది, వెడల్పు తక్కువది పెట్టుకుంటే రిపేర్ నిలబడే అవకాశం పెరుగుతుంది. అసలు ఇంప్లాంట్ తీసేసి లిఫ్ట్ చేయించుకుని వదిలేయడం కూడా లిస్టులో ఉండాలి, దాన్ని ఓటమిలా చూడక్కర్లేదు.

గరుకు ఇంప్లాంట్ కదలదు కదా, అదే పెట్టండి అని కొందరు అంటారు. దాని వెనక ఒక పెద్ద కథ ఉంది. ఇంప్లాంట్ చుట్టూ వచ్చే అరుదైన లింఫోమా (రోగనిరోధక కణాల క్యాన్సర్) ఒకటుంది, బీఐఏ ఏఎల్‌సీఎల్ అంటారు, ఎక్కువగా గరుకు ఇంప్లాంట్లతోనే కనిపించింది, అందుకే 2019 జులైలో మందుల్నీ వైద్య పరికరాల్నీ పర్యవేక్షించే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ అడిగితే అలెర్గాన్ కంపెనీ బయోసెల్ అనే తన గరుకు రకాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. దీని ముఖ్య లక్షణం ఏళ్ల తర్వాత ఒక పక్క నీరు చేరి ఉబ్బడం. అలా అయితే ఆ నీటిని తీసి ఈ లింఫోమాని పట్టుకునే సీడీ30 టెస్ట్‌కి పంపాలి, అది తేలకుండా రివిజన్ చేయకూడదు. 2021లో ఎఫ్‌డీఏ అన్ని ఇంప్లాంట్ల మీదా బాక్స్‌డ్ వార్నింగ్, అంటే గడి కట్టి ముద్రించే తీవ్రమైన హెచ్చరిక తప్పనిసరి చేసింది.

క్యాన్సర్ తర్వాత రీకన్‌స్ట్రక్షన్‌లో, అంటే రొమ్ముని మళ్లీ తయారుచేసే సర్జరీలో పెట్టిన ఇంప్లాంట్ జరిగితే లెక్క వేరే. రేడియేషన్ తగిలిన చర్మం గట్టిపడి ఇంప్లాంట్‌ని పైకి లాగుతుంది, అక్కడ కుట్లు, కోతలు మానడం కష్టం, అందుకని కొవ్వు ఎక్కించడం, వీపు కండరంతోనో పొట్ట చర్మంతోనో కప్పడం లాంటివి చెప్తారు. టామోక్సిఫెన్ (రొమ్ము క్యాన్సర్‌కి ఇచ్చే మాత్ర) వాడుతుంటే రక్తం గడ్డకట్టే రిస్క్ ఉంది కాబట్టి ఆపాలా వద్దా అన్నది మీ ఆంకాలజిస్ట్‌ని అడిగాకే.

డబ్బు సంగతి. మన దేశంలో హెల్త్ పాలసీలు కాస్మెటిక్ సర్జరీని కవర్ చేయవు, కానీ యాక్సిడెంట్, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే రీకన్‌స్ట్రక్షన్‌కి ఆ రూల్‌లోనే మినహాయింపు ఉంది, క్లెయిమ్ కొట్టేస్తే ఆ క్లాజు చూపించి మళ్లీ అడగండి. అమెరికాలో ఉన్నవాళ్లకి 1998 నాటి చట్టం ఒకటుంది, మాస్టెక్టమీని (రొమ్ము తీసేసే సర్జరీని) కవర్ చేసే ప్లాన్ రీకన్‌స్ట్రక్షన్‌నీ, రెండో పక్కని సమానం చేయడాన్నీ, కాంప్లికేషన్లనీ కూడా కవర్ చేయాలి. ఇంప్లాంట్ కంపెనీ వారంటీ సాధారణంగా పగలడం లాంటివాటికే, జరిగితే కాదు. ఎస్టిమేట్ రాతపూర్వకంగా తీసుకోండి, సర్జన్ ఫీజు, ఓటీ, మత్తు డాక్టర్, ఇంప్లాంట్, మెష్, బ్రా, జీఎస్టీ అన్నీ విడివిడిగా. సెలవుల్లో ఇండియా వచ్చి చేయించుకుని వెంటనే ఫ్లైట్ ఎక్కేద్దాం అనుకునేవాళ్లు ఇంకోసారి ఆలోచించండి, చెకప్‌లకి కనీసం కొన్ని వారాలైనా ఇక్కడే ఉండాలి.

సర్జరీకి ముందు సిగరెట్ కనీసం 4 వారాలు బంద్. ఆస్పిరిన్, ఫిష్ ఆయిల్, ఆయుర్వేదం మందులు ఏవి వాడుతున్నా డాక్టర్‌కి చెప్పండి, ఆపమంటేనే ఆపండి.

తర్వాత జాగ్రత్తలే సగం రిపేర్. మొదటి 6 వారాలు చెప్పిన బ్రా రాత్రీ పగలూ వేసుకునే ఉండాలి, తల వైపు ఎత్తు పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి. బరువులు ఎత్తకూడదు అంటే జిమ్ అనుకుంటారు, కాదు, నీళ్ల క్యాన్, నిండు కుక్కర్, తడి బట్టల బకెట్, ఎత్తుకోమని ఏడ్చే చంటిపిల్లాడు, పై అరలోంచి డబ్బా దించడం, బస్సులో రాడ్ పట్టుకుని వేలాడటం, ఇవన్నీ కుట్ల మీదే పడతాయి. ఇంట్లో వాళ్లకి ముందే చెప్పి పనులు పంచేయండి, సర్జరీ గురించి చెప్పడం ఇష్టం లేకపోతే ఛాతీలో చిన్న ఆపరేషన్ అంటే చాలు. మడత దగ్గర లాగినట్టు, చురుక్కుమన్నట్టు ఉండటం మామూలే. సరిచేసిన పక్క మొదట్లో మరీ పైకి, బిగుతుగా కనిపిస్తుంది, కొంచెం దిగుతుందని తెలిసే కావాలని అలా కుడతారు. ఛాతీ కండరం ఎక్సర్‌సైజులు మాత్రం సర్జన్ ఓకే అనేదాకా వద్దు, కిందకి జారిన చరిత్ర ఉన్నవాళ్లు పుష్ అప్స్‌ని శాశ్వతంగా పక్కన పెట్టినా నష్టం లేదు, నడక, కాళ్ల వ్యాయామాలు ఎలాగూ ఉన్నాయి.

సిలికాన్ ఇంప్లాంట్ ఉంటే ఏ ఇబ్బంది లేకపోయినా 5, 6 ఏళ్లకి మొదటిసారి, ఆ తర్వాత ప్రతి 2, 3 ఏళ్లకి అల్ట్రాసౌండో ఎమ్మారైనో చేయించమని ఎఫ్‌డీఏ చెప్తుంది, రివిజన్‌లో కొత్తది పెడితే లెక్క మళ్లీ మొదటి నుంచి. మామోగ్రామ్‌కి వెళ్లినప్పుడు ఇంప్లాంట్ ఉందనీ, లోపల రిపేర్ అయిందనీ నొక్కకముందే టెక్నీషియన్‌కి చెప్పండి, ఇంప్లాంట్‌ని వెనక్కి నెట్టి తీసే వేరే ఫిల్మ్‌లు ఉంటాయి, అవి అదనంగా తీస్తారు.